ల్యాండింగ్ షిప్పుల మాజీ నావికులకు సంఘం: పేరు, సభ్యత్వం, రిజిస్ట్రేషన్ ఎలా?

కంచిలి తీరం:
మగర్, ఘరియాల్, కుంభీర్, జలాశ్వ, అండమాన్‌లోని ఎల్‌సీయూలు (చిన్న ల్యాండింగ్ పడవలు)... సైన్యాన్నీ, వాహనాల్నీ ఒడ్డుకి చేర్చే ఈ నేవీ షిప్పుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది ఉన్నారు. అందరికీ కలిపి ఒక సంఘం పెట్టి శ్రీకాకుళంలో రిజిస్టర్ చేయిద్దామనుకుంటున్నాం. పేరులో ఎల్‌ఎస్‌టీ (ట్యాంకుల్ని దింపే ల్యాండింగ్ షిప్పు) అని పెట్టొచ్చా? సభ్యత్వానికి రుజువుగా ఏం అడగాలి? ఏయే కాగితాలు కావాలి?

నాగావళి:
ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద చేయించండి సర్. కనీసం ఏడుగురు ఉండాలి. మెమొరాండం (సంఘం పేరు, ఆశయాలు రాసే పత్రం), నియమావళి, ఏడుగురి సంతకాలు, గుర్తింపు కార్డులు, ఆఫీసు చిరునామాకి కరెంటు బిల్లు లేదా ఇంటిపన్ను రసీదు, అద్దె ఇల్లయితే యజమాని అంగీకారపత్రం పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళండి. సభ్యులు రెండు జిల్లాల వాళ్ళయినా ఆఫీసు ఏ జిల్లాలో ఉంటే అక్కడే రిజిస్ట్రేషన్.

పేరులో "భారత నౌకాదళ" అని పెట్టకండి, లెటర్‌హెడ్ మీద నేవీ చిహ్నం వేయకండి. ప్రభుత్వ అండ ఉన్నట్టు కనిపించే పేర్లకి, చిహ్నాలకి 1950 నాటి చట్టం అడ్డొస్తుంది. ఎల్‌ఎస్‌టీ అన్నది కూడా వద్దు. ఎల్‌ఎస్‌టీ తనే ఇసుక మీదకొచ్చి ముందు తలుపు తీస్తుంది. జలాశ్వ ఒడ్డెక్కదు, వెనకున్న డాక్‌లోకి నీళ్ళు నింపి చిన్న పడవల్ని పంపుతుంది. ఆ పేరు పెడితే జలాశ్వ వాళ్ళూ, ఎల్‌సీయూ వాళ్ళూ బయటే ఉండిపోతారు. "ల్యాండింగ్ నౌకల మాజీ నావికుల సంక్షేమ సంఘం" లాంటిదైతే అందరికీ సరిపోతుంది.

నియమావళిలో దెబ్బతినేది కోరం దగ్గర, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు దగ్గర. ఇతర సంఘాలది ఎత్తి రాసి సగం మంది అని పెట్టేస్తారు. కవిటి నుంచీ, ఎస్.కోట నుంచీ సగం మంది ఒకేరోజు రారు, సమావేశం చెల్లదు, కమిటీ మారదు. కోరం తక్కువ పెట్టి, అదీ చాలకపోతే వాయిదా సమావేశం ఎలా జరపాలో కూడా రాయండి. ఏటా సర్వసభ్య సమావేశం కాగానే కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి దాఖలు చెయ్యాలి. ఇది మానేసిన సంఘాలకి తర్వాత గొడవొస్తే అసలు కమిటీ ఎవరో తేల్చడమే కష్టమవుతుంది.

బ్యాంకు ఖాతాకి సంఘం పేరిట పాన్, తీర్మానం కాపీ కావాలి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారుల్లో ఏ ఇద్దరి సంతకాలైనా చాలు అని రాసుకోండి. ఒకరు ఊళ్ళో లేకపోయినా పని ఆగదు.

పాత క్వార్టర్‌మాస్టర్:
రుజువుకి సర్టిఫికెట్ ఆఫ్ సర్వీస్ కాపీ అడగండి, ఏ షిప్పులో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారో తెలుస్తుంది. షిప్పుకి రాసి ధ్రువీకరణ తెప్పిద్దామంటే అన్నిటికీ కుదరదు. మగర్ 2023 మేలో, చీతా, గుల్దార్, కుంభీర్ 2024 జనవరిలో సేవ విరమించాయి.

రిజిస్టరులో షిప్పు పేరొక్కటే రాస్తే తికమక తప్పదు. మగర్, ఘరియాల్, గుల్దార్, శార్దూల్, కేసరి... ఈ పేర్లన్నీ రెండేసి తరాల షిప్పులవి. కొత్త శార్దూల్ 2007లో, కొత్త కేసరి 2008లో వచ్చాయి. పెనెంట్ నంబరుతో (షిప్పు పక్కన రాసే గుర్తింపు నంబరు) తేలుతుందనుకోకండి, ఈ రెండూ పాతవాటి నంబర్లే తీసుకున్నాయి. చేరిన ఏడు, దిగిన ఏడు తప్పనిసరి గడిగా పెట్టండి. నేవీలో చేసిన బ్రాంచి, భార్య పేరు, పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు కూడా అప్పుడే తీసుకోండి.

కంచిలి తీరం:
ధన్యవాదాలు సర్. ఎక్సర్‌సైజుకి (యుద్ధ విన్యాసాలకి) షిప్పెక్కిన ఆర్మీ జవాన్లు కూడా అడుగుతున్నారు. చనిపోయినవాళ్ళ భార్యల సంగతేంటి?

పాత క్వార్టర్‌మాస్టర్:
షిప్ కంపెనీలో (షిప్పు సొంత సిబ్బందిలో) డ్రాఫ్ట్ మీద, అంటే పోస్టింగ్ మీద ఉన్నవాళ్ళకి పూర్తి సభ్యత్వం, ఆర్మీ వాళ్ళకి ఓటు లేని అనుబంధ సభ్యత్వం. ఇది మొదటి నియమావళిలోనే రాయాలి.

వంశధార:
భార్యలకి ఓటుతో సహా పూర్తి సభ్యత్వం ఇవ్వండి. సంఘం అవసరం అందరికంటే వాళ్ళకే ఎక్కువ. సభ్యత్వం ఇచ్చేటప్పుడే పీపీవో, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింట్లో పేరు ఒక్కలాగే ఉందో లేదో చూడండి. మన వైపు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఒకచోట చివర ఉంటుంది. భర్త బతికుండగా ఆయన ఒక్క సంతకంతో సరయ్యే పనికి తర్వాత ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగాల్సొస్తుంది.

నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్లకి (పెన్షనరు బతికున్నట్టు ఏటా ఇచ్చే రుజువు) ఒక శిబిరం పెట్టండి. ఆన్‌లైన్‌లో ఆ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో నేవీ వాళ్ళు శాంక్షనింగ్ అథారిటీ (పెన్షన్ మంజూరు చేసినవాళ్ళు) దగ్గర "డిఫెన్స్ పీసీడీఏ నేవీ ముంబై", డిస్బర్సింగ్ ఏజెన్సీ (పెన్షన్ చెల్లించేవాళ్ళు) దగ్గర "స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్" ఎంచుకోవాలి. మీసేవలో కుర్రాళ్ళు అలవాటుగా బ్యాంకు పేరు నొక్కేస్తారు. సర్టిఫికెట్ వచ్చినట్టే ఉంటుంది గానీ రక్షణ పెన్షన్లు చెల్లించే స్పర్శ్‌కి చేరదు, పెన్షన్ ఆగిపోతుంది. భార్యలకి పెన్షన్ రకం దగ్గర "ఫ్యామిలీ" అని ఉందో లేదో కూడా చూడాలి. ఈ మూడూ ఒక కాగితం మీద తెలుగులో అచ్చేయించి సభ్యత్వ కార్డుతో పాటే ఇచ్చేయండి.