మాటకు అందదంటూనే ఇన్ని మాటలెందుకు? మాండూక్యం ఏడో మంత్రం మీద చర్చ

ప్రశ్నార్థకం
మా ఊళ్లో ఆదివారాలు మాండూక్యోపనిషత్తు పాఠం జరుగుతోంది. మొత్తం 12 మంత్రాలే కదా అని వెళ్తున్నాను. నిన్న ఏడో మంత్రం వచ్చింది. నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను: "నాంతఃప్రజ్ఞం" లోపలి ఎరుక కాదు, "న బహిష్ప్రజ్ఞం" బయటి ఎరుక కాదు, రెండు వైపులదీ కాదు, ముద్దకట్టిన ఎరుక కాదు, ఎరుక కాదు, ఎరుక లేకపోవడమూ కాదు. ఆరు "కాదు"లు. వెంటనే అదృష్టం (అంటే కంటికి కనబడనిది), అవ్యవహార్యం, అగ్రాహ్యం, అలక్షణం, అచింత్యం, అవ్యపదేశ్యం అని ఇంకో ఆరు. చివరికొచ్చేసరికి "స ఆత్మా, స విజ్ఞేయః". అదే ఆత్మ, దాన్ని తెలుసుకోవాలట.

చెయ్యెత్తి అడిగాను. "ఎరుకా కాదు, ఎరుక లేకపోవడమూ కాదు అంటే ఇంక మిగిలిందేమిటండీ?" "అనుభవిస్తే తెలుస్తుంది నాయనా" అన్నారు పాఠం చెప్పే పెద్దాయన. అందరూ తలలూపారు. నాకు మాత్రం జవాబు దొరికినట్టు లేదు. ఇది జవాబేనా?

నిశ్చింత
జవాబే. పంచదార తీపి ఎలా ఉంటుందో చెప్పగలరా? నోట్లో వేసుకోవాల్సిందే.

వేదాంతవిద్యార్థి
పంచదార పోలిక ఇక్కడ పనికిరాదండి. తీపి వేరు, తీపి చూసేవాడు వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది ఆ చూసేవాడి గురించే. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయిని అడిగాడు కదా, "విజ్ఞాతారమరే కేన విజానీయాత్" అని. తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకుంటావు? అనుభవం అనగానే అదేదో ఇప్పుడు లేదు, రేపు వస్తుంది అనుకుంటాం. రేపు వచ్చేది ఎల్లుండి పోతుంది.

ప్రశ్నార్థకం గారూ, మీ ఆరు "కాదు"లూ ఒకటే కాదు, ఒక్కోదానికి ఒక్కో పని ఉంది. శంకర భాష్యం ప్రకారం మొదటిది కలగనే తైజసుణ్ణి తోసేస్తుంది, రెండోది మెలకువలోని విశ్వుణ్ణి, మూడోది మెలకువకూ కలకూ నడిమి స్థితిని, నాలుగోది గాఢనిద్రను. అన్నింటినీ ఒకేసారి తెలుసుకునేవాడేమో అనుకుంటారని ఐదోది. అయితే జడమేమో అనుకుంటారని ఆరోది. మాట నేరుగా చెప్పదు, లక్షణతో, అంటే సూచనగా చూపిస్తుంది. తైత్తిరీయంలోని "సత్యం జ్ఞానమనంతం బ్రహ్మ" దగ్గర శంకరులు "లక్ష్యతే, న తూచ్యతే", సూచించబడుతుందే గానీ చెప్పబడదు, అన్నది ఇదే.

నీలోత్పల
లక్షణతో చూపిస్తుందనే మాట దగ్గరే నాకు పేచీ. "గంగాయాం ఘోషః", అంటే గంగలో గొల్లపల్లె అన్నారనుకోండి. నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డు అని తీసుకుంటాం. దాన్నే లక్షణ అంటున్నాం. కానీ ఒడ్డు మనకు ముందే తెలుసు, గంగకు ఆనుకుని ఉంటుందనీ తెలుసు. ఏ గుణమూ లేని, దేనితోనూ సంబంధం లేని వస్తువుకు ఆ ఒడ్డు ఏది?

బ్రహ్మసూత్రాల మీద రాసిన శ్రీభాష్యంలో రామానుజులు ఇక్కడే పట్టుకున్నారు. మాటంటేనే ప్రకృతి, ప్రత్యయం, అంటే మూలపదమూ దానికి చేరే ముక్కా. వాక్యమంటే పదార్థాలను కలపడం. భేదం లేనిదాన్ని భేదంతో పుట్టిన మాట ఎలా చెబుతుంది? నా పేరే తీసుకోండి. నీలం, ఉత్పలం అన్నప్పుడు నలుపు కాదు, గడ్డి కాదు అని మాత్రమే అర్థమా? నీలంగా ఉన్న కలువ అని ఒక వస్తువు కళ్ల ముందుకు రావడం లేదా? సత్యం, జ్ఞానం, అనంతం కూడా అంతే.

ఏలూరు కుర్రాడు
సంస్కృతానికి పక్కన తెలుగు కూడా రాయండి అన్నా, అక్కా. బస్సులో చదువుతున్నా, ఆసక్తిగా ఉంది.

నీలోత్పల
ఇంకో మాట. మంత్రమే "అలక్షణం" అంటోంది. మీరేమో లక్షణతో చెబుతుందంటారు!

వేదాంతవిద్యార్థి
అది లక్షణం, అంటే గుర్తు. పొగను బట్టి నిప్పును ఊహిస్తామే, అలాంటి గుర్తు దీనికి లేదని. నేను చెప్పింది లక్షణ అనే శబ్దవృత్తి, అంటే మాట అర్థాన్నిచ్చే ఒక తీరు. ఈ రెండూ కలిపేస్తే చర్చ ముందుకు పోదు.

నీలోత్పల
సరే, ఆ సున్నా మీదే. మరి ఆ పక్కనే ఉన్న "అవ్యపదేశ్యం" మాటేమిటి? శబ్దంతో చెప్పలేనిదనే కదా?

వేదాంతవిద్యార్థి
ముందు లక్షణం వేరు, లక్షణ వేరు అని ఒప్పుకున్నట్టేనా?

నీలోత్పల
ఒప్పుకున్నానుగా. నా ప్రశ్నకు జవాబివ్వండి.

నిశ్చింత
ఎందుకండీ ఈ గొడవ. మూడేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున ధ్యానంలో నాకు ఆలోచన పూర్తిగా ఆగిపోయింది. నేను అనేది లేదు. బయట పాలవాడి సైకిల్ గంట మోగింది, వినేవాడు లేడు. దాన్ని ఏ మాటలోనూ పెట్టలేను.

వేదాంతవిద్యార్థి
మీ అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. కానీ అది మొదలైంది, ఆగింది. ఇవాళ గుర్తుంది. గంట మోగినట్టు తెలిసింది కూడా. అప్పుడు ఏది ఉండి ఆ గంటను ఎరిగిందో, ఇప్పుడు ఈ అక్షరాలను ఎరుగుతున్నదీ అదే అంటుంది శాస్త్రం. ఆ ఉదయం ప్రత్యేకమేమీ కాదు.

నిశ్చింత
ప్రత్యేకమేమీ కాదా? నా జీవితంలో నాకు మిగిలిన ఒకే ఒక్క ఉదయం అది. బ్రహ్మసూత్ర భాష్యంలోనే ఉంది కదా, బాష్కలి బ్రహ్మం గురించి అడిగితే బాధ్వుడు మౌనంగా ఉండిపోయాడని. రెండోసారి, మూడోసారి అడిగితే అప్పుడన్నాడు, "చెబుతూనే ఉన్నాను, నీకే తెలియడం లేదు. ఈ ఆత్మ ఉపశాంతం" అని. ఇంతకన్నా ఏం కావాలి?

నీలోత్పల
ఆ కథలో "నీకే తెలియడం లేదు" అనే ముక్క మీకెవరికీ గుచ్చుకోదా?

వేదాంతవిద్యార్థి
గుచ్చుకోవడానికేముంది? ఇవి ఎక్కడో ఒకటి అరా చదివి తేలేవి కావు. గురువు దగ్గర కూర్చుని వరసగా భాష్యం చదివితే మీ అభ్యంతరాలు వాటంతటవే పోతాయి.

నీలోత్పల
ఇదిగో, సరిగ్గా ఈ మాటే. పదకొండేళ్లుగా వింటున్నాను.

మా అమ్మ పోయిన పదో రోజు. దండెం మీద అమ్మ నేత చీర అలాగే ఉంది, ఎవరికీ తీయబుద్ధి కాలేదు. మా బంధువుల్లో బాగా చదువుకున్న పెద్దాయన ఒకరు వచ్చి, "ఎవరు పోయారమ్మా? ఆత్మకు చావేమిటి?" అన్నారు. మరి నన్ను పేరు పెట్టి పిలిచిన ఆ గొంతేమైందని అడిగాను. "అది మాటలకు అందదు, నీకింకా పక్వం రాలేదు" అన్నారు. నేనడిగింది తప్పు ప్రశ్నే అనుకోండి. తప్పని మాటల్లో చెప్పాలి కదా! చెప్పలేనిది అన్న ఒక్క ముక్కతో నా నోరు మూయించారు. నేను శ్రీభాష్యం పట్టుకున్నది ఆ తర్వాతే. భేదం నిజం అన్న మనిషి దగ్గరే నాకు ఊపిరాడింది.

మాటకు అందని దాన్ని మీరు తెలుసుకున్నారో లేదో తేల్చేదెవరు? పీఠం మీద కూర్చున్నవారు. నా పేచీ అసలు దానితోనే.

వేదాంతవిద్యార్థి
చివరన నేనన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. నిశ్చింత గారిని కూడా నొప్పించాను.

అయితే నాది సరిగ్గా దీనికి తిరగబడ్డ కథ. ఇరవైల్లో ఒకచోట నాలుగేళ్లు కళ్లు మూసుకు కూర్చున్నాను. లేచాక ఏమైందో చెప్పమనేవారు. వెలుగు కనిపించిందంటే ఇంకా కావాలి, ఏమీ కనిపించలేదంటే సాధన చాల్లేదు. పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కాదు, మాటలు అడ్డమట. నాన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు. బయటికొచ్చాక మొదట చదివిన భాష్యమే నాకు ఆసరా అయింది, ఎందుకంటే అక్కడ పూర్వపక్షం ఉంది. ఎదుటివాడి ప్రశ్నను వాడికన్నా గట్టిగా అడిగి మరీ జవాబు చెబుతారు. మాటలే లేకపోతే పీఠాన్ని నిలదీసేదెలా? నేను మాటల్ని వదలనిది అందుకే.

మీ ఒడ్డు ప్రశ్నకు వస్తాను. విద్యారణ్యులు పంచదశిలో దశముడి కథ చెబుతారు. పదిమంది నది దాటారు. లెక్కపెట్టినవాడు తనను వదిలేసి తొమ్మిదే లెక్కించి, పదోవాడు పోయాడని తల బాదుకుని ఏడ్చాడు. దారినపోయేవాడు "పదోవాడివి నువ్వే" అన్నాడు. పదోవాడు కొత్తగా రాలేదు. ఒడ్డు ముందే తెలిసి ఉండాలన్నారు కదా, అది మీరే.

ఆ కథలోనే ఇంకో శ్లోకం ఉంది, మీ కోసం రాస్తున్నాను. తానే పదోవాణ్ణని తెలిశాక ఏడుపు ఆగింది గానీ, తల బాదుకున్న గాయం అప్పటికప్పుడు మానదట. నెల పడుతుంది, మెల్లగా.

నిశ్చింత
ఈ శ్లోకం నేనెప్పుడూ వినలేదు. రాసుకున్నాను.

నీలోత్పల
నాకు కూడా ఎవరూ చెప్పలేదు. పదో రోజున ఆయన ఈ శ్లోకం ఒక్కటి చెప్పి ఉంటే, ఇంకో గంట కూర్చుని వినేదాన్ని.

అయినా ఒప్పుకోను. ఆ పదోవాడికి ఒళ్లుంది, నెత్తి మీద గాయముంది, వేలు పెట్టి చూపించడానికి ఒక మనిషున్నాడు. గుణాలున్నవాడు కాబట్టే "నువ్వే" అన్న మాట వాడికి తగిలింది. మీ నిర్విశేషానికి, ఆ ఏ గుణమూ లేనిదానికి, వేలు ఎటు చూపిస్తారు?

వేదాంతవిద్యార్థి
వేలు చూపించినప్పుడు వాడు దేన్ని "నేను" అనుకున్నాడు, ఒంటినా? రాత్రికి రాస్తాను, డ్యూటీకి టైమయింది.

ప్రశ్నార్థకం
నేను ఇవాళ పాఠానికి నోట్‌బుక్ పట్టుకెళ్లాను. ఆరు "న"లు ఆరు వరసల్లో రాసి, ఒక్కొక్కటి దేన్ని కాదంటోందో చెప్పమని అడిగాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో వరస పక్కనా పెన్సిల్‌తో రాశారు. ఐదో దాని దగ్గర ఆగి, "ఇది నేనూ చూసుకుని రావాలి, వచ్చే వారం చెబుతాను" అన్నారు.