అప్‌డేట్: తొలి దశ మూత్రాశయ క్యాన్సర్‌లో ఎన్‌ఎల్‌ఆర్

కండరంలోకి పాకని మూత్రాశయ క్యాన్సర్ మళ్లీ వస్తుందో లేదో సీబీసీ (రక్తకణాలను లెక్కించే మామూలు పరీక్ష)లోని ఎన్‌ఎల్‌ఆర్ (న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అనే రెండు రకాల తెల్ల రక్తకణాల నిష్పత్తి) చెబుతుందా అని అడిగాను కదా, తేలింది ఇది.

న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగించాలి: ఉదాహరణకు 5,400 బై 1,800 అంటే 3. ఇది ఎక్కువగా ఉంటే ముప్పు ఎక్కువని చాలా అధ్యయనాలు చూపాయి, కానీ గీత ఎక్కడ గీయాలో ఒక్కొక్కటి ఒక్కోలా చెబుతుంది. పైగా మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఆపరేషన్ అప్పుడే జరిగినా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. స్టెరాయిడ్లయితే లింఫోసైట్స్‌ను తగ్గిస్తాయి కూడా, అంకె ఇంకా ఎగబాకుతుంది. అందుకే టీయూఆర్‌బీటీకి (మూత్రమార్గం గుండా గడ్డను తీసే ఆపరేషన్‌కు) ముందు, ఇన్ఫెక్షన్ లేనప్పుడు తీసిన రక్తమే నమ్మదగినది.

ఈ అంకె బాగుందని సిస్టోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) మాత్రం దయచేసి వాయిదా వేయకండి. ముప్పును తేల్చేవి ఇప్పటికీ గ్రేడ్ (కణాలు ఎంత అసాధారణంగా కనిపిస్తున్నాయో), దశ, సీఐఎస్ (లోపలి పొరలోనే చదునుగా ఉండే క్యాన్సర్) ఉందా లేదా, గడ్డల సంఖ్య, గడ్డ పరిమాణం (3 సెం.మీ. లోపా, ఆపైనా), వయసు. టీయూఆర్‌బీటీ తర్వాత తొలి సిస్టోస్కోపీ 3 నెలలకు.