అప్‌డేట్: ఉగాది పిక్నిక్‌కి ముందురోజే కలిపిపెట్టుకునే డ్రింకులు

పన్నెండు మందికి, పిల్లలకూ పెద్దలకూ పనికొచ్చేలా ముందురోజు రాత్రే ఏం చేసిపెట్టుకోవచ్చని అడిగాను కదా. మీరు చెప్పిన పచ్చిమామిడి బేస్ చాలా బాగా కుదిరింది. కొలతలు ఇవిగో.

కిలో పుల్లటి కాయలు తొక్కతోనే కుక్కర్‌లో రెండు విజిల్స్. చల్లారాక పిసికితే సుమారు అరకిలో గుజ్జు వస్తుంది. దాన్ని తప్పకుండా జల్లెడ పట్టాలి, లేకపోతే పీచు సీసా మూతికి అడ్డుపడుతుంది. 500 గ్రాముల పంచదార, రెండేసి చెంచాల నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేసి సన్నమంట మీద కరిగించి, గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పులుపు కాబట్టి ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు వద్దు.

గ్లాసుకి 60 మి.లీ. బేస్, 150 మి.లీ. చల్లటి సోడా. గుజ్జు మీద సోడా ఒక్కసారిగా పోస్తే నురుగు పొంగి సగం గ్యాస్ పోతుంది. గ్లాసు వంచి అంచు వెంబడి పోయాలి.

పెద్దల సీసాలో ఆరుగురికి 360 మి.లీ. బేస్, 270 మి.లీ. వోడ్కా రాత్రే కలిపేయొచ్చు. రంగు పిల్లలదానిలాగే ఉంటుంది, అందుకే సీసా మెడకి ఎర్ర రబ్బరుబ్యాండు, పైన పెద్ద అక్షరాలతో చీటీ. బండి నడిపేవాళ్లకి పిల్లల సీసాయే.

పుదీనా మాత్రం రాత్రి రుబ్బితే తెల్లారేసరికి నల్లబడుతుంది. ఆకులు తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లి, అక్కడే నలిపి వేయండి.

పానకానికి లీటరు నీళ్లకి 250 గ్రాముల బెల్లం, అరచెంచా చొప్పున మిరియాలు, శొంఠి. నిమ్మరసం పొద్దున్నే పిండాలి.