ప్లాన్ 9 ని రోజువారీ సిస్టమ్‌గా వాడటం అయ్యే పనేనా?

పాతమౌస్:
బెల్ ల్యాబ్స్ వాళ్ళు యూనిక్స్ తర్వాత తయారుచేసిన ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ సరదాకి తప్ప దేనికీ పనికిరాదని ఇక్కడ చాలామంది అంటున్నారు. నేను దాని కోడ్ తీసుకుని వేరుగా పెంచుతున్న ఫోర్క్ 9ఫ్రంట్‌ని ల్యాప్‌టాప్‌లో వేసుకుని కోడింగ్, మెయిల్ అందులోనే కానిస్తున్నాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

కీబోర్డు_పక్షం:
బ్రౌజర్ ఊసెత్తలేదేం? అందులో ఉండే బ్రౌజర్ మోత్రాలో జావాస్క్రిప్ట్ నడవదు. బ్యాంకు పేజీ ఎలా తెరుస్తారు? పైగా అన్నిటికీ మూడు బటన్ల మౌస్. కీబోర్డుతోనే నడిచే ఎడిటర్ విమ్‌కి అలవాటుపడ్డ చేతులకు అది నరకం.

పాతమౌస్:
బ్యాంకు కోసం వీఎమ్‌ఎక్స్ అనే వర్చువల్ మెషిన్ (వీఎమ్) ప్రోగ్రాంలో లినక్స్ నడుపుతాను, దాచేదేముంది. మౌస్ సంగతంటారా, ఇందులోని ఎడిటర్ ఆక్మీలో ఎడమ బటన్‌తో మాటలు సెలెక్ట్ చేసి, దాన్ని వదలకుండానే మధ్య బటన్ నొక్కితే కట్, కుడిది నొక్కితే పేస్ట్. ఎర్రర్‌లో ఫైల్ పేరు, లైన్ నంబర్ కనబడితే దానిమీద కుడి క్లిక్ కొట్టండి, సరిగ్గా ఆ లైన్ దగ్గరే తెరుచుకుంటుంది.

అసలు సుఖం వేరే ఉంది. ఇందులో నెట్‌వర్క్ కూడా ఫైళ్ళే. /నెట్/టీసీపీ/క్లోన్ తెరిచి చదివితే ఒక నంబర్ వస్తుంది, మన కనెక్షన్ డైరెక్టరీ పేరు అదే. తెరిచిన ఆ ఫైల్‌లోనే కనెక్ట్ అనీ అడ్రసూ రాస్తే లైన్ కలుస్తుంది. ఇంకో మెషిన్ /నెట్‌ని మన ఫైళ్ళలో కలుపుకుంటే (మౌంట్ చేసుకుంటే) మన ప్రోగ్రాములు దాని మీదుగా బయటికి వెళ్తాయి. వేరే వీపీఎన్ ఎందుకు?

లిపిగోల:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 ని రూపొందించి మొదట అమల్లో పెట్టింది ఈ సిస్టమ్‌లోనే. అయినా తెలుగు ఫైల్ తెరిస్తే వత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడతాయి. అక్షరాలను కలిపి పేర్చే షేపింగ్ లేదు మరి. ఫైల్ భద్రంగానే ఉంటుంది, చదవడమే కుదరదు!

కీబోర్డు_పక్షం:
అదీ మాట. లినక్స్ లేనిదే రోజు గడవనప్పుడు మీ రోజువారీ సిస్టమ్ ఏదండీ? ప్లాన్ 9 లో ఫైళ్ళను పంచుకోవడానికి వాడే 9పీ ప్రోటోకాల్ ఎప్పుడో లినక్స్ కెర్నెల్‌లోకి వచ్చింది, విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ కూడా ఫైళ్ళ కోసం దాన్నే వాడుతోంది. ఇల్లు మారకుండానే సామాను వచ్చేసింది.

పాతమౌస్:
ప్రోటోకాల్ వచ్చింది, పద్ధతి రాలేదు. ఇక్కడ ఏ ప్రాసెస్ అయినా రూట్ (అడ్మిన్) అనుమతి లేకుండానే తన నేమ్‌స్పేస్‌ని, అంటే తనకు కనబడే ఫైళ్ళ అమరికని, మార్చుకుంటుంది. ఒక విండోలో ప్రోగ్రాములుండే /బిన్ ఒకలా, పక్క విండోలో ఇంకోలా పెట్టుకుంటాను. లినక్స్‌లోనూ యూజర్ నేమ్‌స్పేసులు ఉన్నాయి, కానీ వాటిని ప్రోగ్రాములను విడిగా ఉంచి నడిపే కంటైనర్ టూల్స్‌కి వదిలేసి, చేత్తో ముట్టుకునేవాళ్ళెందరు? లిపిగోల గారికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఇది టైప్ చేస్తున్నది కూడా ఆ వీఎమ్‌లోంచే.