బంగారం రేటు పెరిగిందని గని షేర్లు కొనొచ్చా? ఆన్‌లైన్‌లో నేర్చుకున్న జియాలజీ పనికొస్తుందా?

పత్తికొండ_కుర్రాడు:
2025 ఏప్రిల్‌లో 24 క్యారెట్ల బంగారం పది గ్రాములు లక్ష దాటినప్పటి నుంచి మా ఇంట్లో ఇదే గొడవ. చెల్లి పెళ్లికి ఇంకా కొనాల్సినవి ఉన్నాయని అమ్మకు టెన్షన్. మా బావేమో నగలు ఎవరు కొంటారు, తవ్వే కంపెనీ షేరు కొందాం అంటున్నాడు. కెనడాలో లిస్టయిన ఒక చిన్న అన్వేషణ కంపెనీలో నాలుగు లక్షలు పెడతాడట. ఆ కంపెనీకి గని లేదు, అమ్మిన బంగారం లేదు. డ్రిల్లింగ్ ఫలితాలు మాత్రం ఉన్నాయి.

నేను మూడు నెలలుగా ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో జియాలజీ పాఠాలు వింటున్నాను. మాది జొన్నగిరి దగ్గర. తొలకరి పడగానే చేలల్లో వజ్రాల కోసం వెతికే జనాన్ని చూస్తూ పెరిగాను, రాళ్లంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఇలా నేర్చుకున్న దానితో ఈ షేరు సంగతి తేల్చుకోగలనా?

లెక్కల_మాస్టారు:
తేల్చుకోలేవు నాయనా. బ్రీ-ఎక్స్ సంగతి చెబుతాను, విను.

అది కాల్గరీకి చెందిన చిన్న కంపెనీ. ఇండోనేషియాలో, బోర్నియో అడవుల్లోని బుసాంగ్ దగ్గర బంగారం పడిందని చెప్పింది. అంచనా పెంచుకుంటూ పోయి 1997 ఫిబ్రవరికి 7.1 కోట్ల ఔన్సులంది, అంటే 2,200 టన్నులు. చిల్లర ధరకు దొరికిన షేరు, ఒక్కో షేరును పది ముక్కలు చెయ్యకముందు (స్ప్లిట్‌కు ముందటి) లెక్కలో, 280 కెనడా డాలర్లు దాటింది. కంపెనీ విలువ 600 కోట్ల డాలర్ల పైమాటే. మార్చి 19న అక్కడి జియాలజిస్టు మైకేల్ డి గుజ్మాన్ హెలికాప్టర్ లోంచి పడి చనిపోయాడు. వారానికి, ఆ గనిలో భాగస్వామిగా చేరిన అమెరికా గనుల సంస్థ ఫ్రీపోర్ట్, మేం సొంతంగా డ్రిల్ చేసి చూశాం, చెప్పుకోదగ్గ బంగారం లేదంది. నమూనాల్లో బయటి బంగారం కలిపారని మే నెలలో స్వతంత్ర పరిశీలన తేల్చింది. షేరు చిత్తుకాగితం అయిపోయింది.

అక్కడికి వెళ్లి కళ్లారా చూసొచ్చిన నిపుణులే నమ్మారు. నువ్వు వీడియోలు చూసి కనిపెడతావా? నీ చదువును తక్కువ చెయ్యడం లేదు. ధర ఎగబాకేటప్పుడు ఎంత చదివినవాడికైనా తను వినాలనుకున్నదే వినపడుతుంది, నా భయం అదీ.

కోర్‌బాక్స్:
మాస్టారూ, కథ నిజమే. కానీ అందులోంచి నేను నేర్చుకున్నది వేరు.

తొమ్మిదేళ్లుగా డ్రిల్లింగ్ క్యాంపుల్లో పనిచేస్తున్నాను. భూమిలోంచి తీసిన రాతి కడ్డీని కోర్ అంటాం. దాన్ని గాళ్లున్న పెట్టెలో వరసగా పేర్చి, ఎన్నో మీటరో చెక్కముక్క మీద రాసి మధ్యలో పెడతాం. తర్వాత నీళ్లు పోస్తూ రంపంతో నిలువుగా రెండుగా కోస్తాం. ఒక సగం ల్యాబ్‌కు వెళుతుంది, రెండో సగం పెట్టెలోనే ఉంటుంది. ఎవరికి అనుమానం వచ్చినా ఆ సగాన్ని ఇంకో ల్యాబ్‌కు పంపొచ్చు. మా పనికి ప్రాణం ఆ సగమే.

బుసాంగ్‌లో ఆ సగం లేదు. బంగారం గింజలు రాతిలో సమంగా ఉండవు, అందుకే మొత్తం పొడి చేస్తున్నాం అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అయినా అన్ని వందల కోట్ల డాలర్ల నిక్షేపానికి సాక్ష్యం మిగల్చకపోతే ఎలా?

ఇంకొకటి. రాతిలోంచి వచ్చిన బంగారు గింజకు అంచులు గరుగ్గా ఉంటాయి. ఏట్లో దొర్లి వచ్చిన గింజ నున్నగా ఉంటుంది, పైపొరలో వెండి తగ్గిపోయి ఉంటుంది. బుసాంగ్ నమూనాల్లో దొరికినవి ఏటి గింజలు. ఈ తేడా చెప్పడానికి పెద్ద డిగ్రీ అక్కర్లేదు, మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలన్న బుద్ధి ఉంటే చాలు. కాబట్టి తమ్ముడూ, నేర్చుకోవడం మానకు. బంగారం ఎక్కడుందో ఆ చదువు నీకు చెప్పకపోవచ్చు, కానీ ఏం అడగాలో చెబుతుంది.

బందరు_అక్క:
షేర్ల సంగతి నాకు తెలియదు. కోవిడ్‌లో ఆయన జీతం ఆగినప్పుడు నా నాలుగు గాజులు కుదువపెట్టి పిల్లాడి కాలేజీ ఫీజు కట్టాను. బ్యాంకులో అరగంటలో డబ్బు చేతికొచ్చింది. కోర్ పెట్టె చూపిస్తే అప్పు ఎవరిస్తారు? చెల్లి పెళ్లి ముందు పెట్టుకుని ఆ డబ్బు కదపొద్దని మీ బావకు చెప్పు తమ్ముడూ.

లెక్కల_మాస్టారు:
అక్కయ్య గారితో సగం ఏకీభవిస్తాను. బంగారానికీ బుడగ ఉంటుంది. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు పోయి కూలింది, మళ్లీ ఆ అంకె చూడ్డానికి 2008 దాకా పట్టింది. మనకు ఆ దెబ్బ అంతగా తెలియలేదంటే కారణం రూపాయి. అప్పుడు డాలరు 8 రూపాయలు, 2000 నాటికి 45. ప్రపంచ ధరను రూపాయల్లోకి మార్చి చూస్తే ఆ ఇరవై ఏళ్లలో రెట్టింపు కూడా కాలేదు. అదే డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుంటే ఎన్ని రెట్లయ్యేదో లెక్క వేసుకోండి. నగ ఆపదకు ఆదుకుంటుంది, కాదనను. కానీ అప్పు చేసి మరీ కొని దాన్ని పెట్టుబడి అనొద్దు.

కోలారు_మనవడు:
మా తాత కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు) లోని చాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతు, చెయ్యి పెడితే కాలే రాయి. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మన చిత్తూరు జిల్లా వైపు చిగురుగుంట, బిసానత్తం గనులదీ అదే గతి. బంగారం అయిపోయిందని కాదు. తొలినాళ్లలో టన్ను రాతికి పదుల గ్రాములు వచ్చేది, చివరికి మూడు నాలుగు గ్రాములకు దిగింది. అప్పుడు ఔన్సు ధర 270 డాలర్ల లోపే. తవ్వే ఖర్చు కూడా రాలేదు.

ఇక్కడే జియాలజీ, మార్కెట్ కలుస్తాయి. రేటు పడితే నిన్నటి ఖనిజం ఇవాళ వట్టి రాయి. ఔన్సుకు 1,500 డాలర్లు ఖర్చయ్యే గని, ధర 2,000 నుంచి 2,500కు పెరిగితే లాభం రెట్టింపు చేసుకుంటుంది. అందుకే గని షేరు బంగారం కంటే వేగంగా ఎక్కుతుంది, దిగేటప్పుడూ అంతే వేగం. నడిచే గని పరిస్థితే ఇదైతే, గనే లేని కంపెనీ షేరు ఇంకెలా ఊగుతుందో మీ బావను ఆలోచించమను. మా తాత ఊపిరితిత్తులు ఆ గనిలోనే పోయాయి, అందుకే కాగితం మీది ఔన్సులు చూస్తే నాకు నమ్మకం కుదరదు.

కోర్‌బాక్స్:
బ్రీ-ఎక్స్ తర్వాత, 2001లో కెనడా ఎన్‌ఐ 43-101 అని నిబంధన తెచ్చింది తమ్ముడూ. దాని ప్రకారం కంపెనీ ఇచ్చే సాంకేతిక నివేదిక ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. మొదటి పేజీల్లోని ఔన్సుల అంకెలు వదిలెయ్. నమూనాల తయారీ, డేటా తనిఖీ అధ్యాయాలు చదివి రా.

పత్తికొండ_కుర్రాడు:
రాత్రి రెండింటి దాకా కూర్చుని చదివానన్నా. సగం కోర్ భద్రపరిచామని రాశారు, సంతోషం వేసింది. తనిఖీ అధ్యాయానికి వస్తే, నివేదిక రాసిన నిపుణుడు సైట్‌కు ఒక్కరోజే వెళ్లాడు. తన చేత్తో తీసిన నమూనా ఒక్కటీ లేదు. ఆ పేరా బావకు చదివి వినిపిస్తే, సరే నాలుగు కాదు, లక్షే పెడదాం అంటున్నాడు.

లెక్కల_మాస్టారు:
ఒప్పుకుంటున్నాను నాయనా, మూడు నెలల చదువుతో ఆ పేరా దాకా వెళ్లావు. నేనైతే వెళ్లేవాణ్ని కాదు. మరి చదివింది నువ్వు, లక్ష పెడదాం అంటున్నది మీ బావ. నా భయం ఇంకా అక్కడే ఉంది.

పత్తికొండ_కుర్రాడు:
ఆ మిగిలిన సగం కోర్‌ను వేరే ల్యాబ్‌లో ఎప్పుడైనా పరీక్షించారా అని కంపెనీకి మెయిల్ పెట్టాను. జవాబు వచ్చేదాకా డబ్బు కదపనని బావ అమ్మ ముందు మాటిచ్చాడు. రాగానే ఇక్కడ పెడతాను.