రోటా చుక్కలు సగమే పనిచేస్తే వేయించడం ఎందుకు?

కావలి_నాన్న: మా బాబుకి ఆరు వారాలు. బుధవారం రోటా చుక్కలు, అంటే రోటా వైరస్ విరేచనాలు రాకుండా నోట్లో వేసే టీకా, మొదటి డోసు. మన హైదరాబాద్‌లో తయారైన రోటావాక్ అనే టీకా ట్రయల్స్‌లో తీవ్రమైన రోటా విరేచనాలను మొదటి ఏడాది 56 శాతమే తగ్గించిందని చదివాను. దీనికంటే తల్లిపాలు మేలు కదా?

ఇద్దరు_పిల్లల_తల్లి: మావాళ్లకి వేయించలేదు, బాగానే ఉన్నారు. ఒకసారి వచ్చి పోతే పేగుకి దానంతటదే శక్తి వస్తుంది.

పిల్లల_వార్డు_నర్సు: ఆ మాట దగ్గరే నాకు అభ్యంతరం అమ్మా. వేలూరు బస్తీల్లో పిల్లల్ని పుట్టినప్పటి నుంచి మూడేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మూడుసార్లు రోటా సోకాక కూడా ఓ మోస్తరు, తీవ్ర జబ్బుల నుంచి రక్షణ 79 శాతమే. మెక్సికోలో రెండుసార్లు సోకిన పిల్లలకి మళ్లీ అంత గట్టిగా రాలేదు. మన దగ్గర అసలు జబ్బే పూర్తి రక్షణ ఇవ్వడం లేదు, చుక్కల్ని మాత్రం నూటికి నూరు అడుగుతున్నాం.

ఈ చుక్కల్ని నోట్లో వేయడానికి కారణం ఉంది. పేగు లోపలి పొరలో ఐజీఏ అనే యాంటీబాడీలు (క్రిములతో పోరాడే ప్రోటీన్లు) తయారై, వైరస్ అక్కడి కణాలకి అంటుకోకుండా అడ్డుపడతాయి. తల్లిపాలలోనూ ఐజీఏ ఉంటుంది, తప్పకుండా పట్టండి. కానీ అది తాగినన్నాళ్లే.

ఒక రాత్రి ఎనిమిది నెలల పాపని తెచ్చారు. మాడు గుంటపడింది. ఏడుస్తోంది, కన్నీళ్లు లేవు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలబడింది. సెలైన్ పెట్టడానికి నరం దొరక్క మా చేతులు వణికాయి. తాగితే మళ్లీ అవుతాయని ఇంట్లో నీళ్లు కూడా ఆపేశారట. పాప దక్కింది.

ఇద్దరు_పిల్లల_తల్లి: నీళ్లు ఆపడం తప్పే. ఓఆర్ఎస్, జింక్ ఇంట్లో ఉంటే చాలదా?

పిల్లల_వార్డు_నర్సు: వాంతులు ఆగకపోతే ఓఆర్ఎస్ లోపల నిలవదమ్మా. చుక్కలు వేయించినా విరేచనాలైతే ఓఆర్ఎస్, 14 రోజుల జింక్ మానకూడదు. వేరే క్రిములూ ఉన్నాయిగా.

కావలి_నాన్న: చుక్కల వల్ల పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరుకుపోతుందని భయంగా ఉందండీ.

పిల్లల_వార్డు_నర్సు: అమెరికాలో 1999లో ఒక పాత రోటా టీకాని ఆ కారణంతోనే వెనక్కి తీసుకున్నారు, కాబట్టి మీ టెన్షన్ న్యాయమే. రోటావాక్ వచ్చాక మన దేశంలో అదే పనిగా వెతికారు, ముప్పు పెరిగినట్టు తేలలేదు. అయినా బాబు ఆగి ఆగి గుక్కపట్టి ఏడ్చినా, మలంలో రక్తం, జిగట కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

కావలి_నాన్న: బుధవారం తీసుకెళ్తాను. జింక్ ఇప్పుడే కొని పెట్టుకోవచ్చా?