కొత్త ప్రేక్షకులు ఒకసారి వచ్చి మళ్లీ రావడం లేదు – ఉన్న కొద్ది డబ్బు దేని మీద పెట్టాలి?

కార్యదర్శి:
అందరికీ నమస్కారం. మాది చిన్న కళాసంస్థ. నాటకాలు, సంగీత కచేరీలు కలిపి నెలకొకటి చొప్పున పెడుతుంటాం. జీతానికి పనిచేసేవాళ్లు ఎవరూ లేరు. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఈ పని చూసుకునేవాళ్లమే. హాలులో 300 సీట్లు. పేరున్న కళాకారులు వస్తే నిండుతుంది, మామూలు రోజుల్లో 80, 90 మంది. అందులో సగం ఏళ్ల తరబడి మాకు తెలిసిన ముఖాలే. కొత్తవాళ్లు కనిపిస్తారు, ఆ తర్వాత కనిపించరు.

కమిటీలో మూడు వాదనలు నడుస్తున్నాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలు గట్టిగా ఇద్దామని ఒకరు. టికెట్ తీసేసి ఫ్రీగా పెడితే జనం వాళ్లంతట వాళ్లే వస్తారని ఇంకొకరు. ఈ తరానికి ఇవేవీ పట్టవు, ఉన్నవాళ్లను చూసుకుంటే చాలని మూడోవారు. ఖర్చు పెట్టడానికి ఉన్నది కొంచెమే. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఇలాంటి సంస్థలు నడిపినవాళ్లు సలహా చెప్పగలరు.

టికెట్‌కిటికీ:
కార్యదర్శి గారూ, ప్రకటనల సంగతి కాసేపు పక్కన పెట్టండి. పోయిన ఏడాది మీ దగ్గరికి మొదటిసారి వచ్చినవాళ్లు ఎందరు? వాళ్లలో రెండోసారి వచ్చినవాళ్లు ఎందరు?

కార్యదర్శి:
అంత లెక్క మా దగ్గర లేదండీ. గుమ్మం దగ్గర టికెట్ చించి ఇస్తాం, పేర్లు రాసుకోం. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ల నంబర్లు మాత్రం ఉన్నాయి.

టికెట్‌కిటికీ:
నేను అనుకున్నదే. నేను చూసే పని టికెట్లే. సంస్థ చిన్నదైనా పెద్దదైనా చూడకుండా వదిలేసే లెక్క ఇదే. అమెరికాలో 9 సింఫనీ ఆర్కెస్ట్రాలు (పాశ్చాత్య సంగీతం వాయించే పెద్ద వాద్యబృందాలు) తమ టికెట్ల రికార్డులు ఒకచోట పెట్టి ఒక కన్సల్టింగ్ సంస్థ చేత పరిశీలింపజేసుకున్నాయి. 2008లో బయటికొచ్చిన ఆ ఫలితం ప్రకారం, మొదటిసారి వచ్చిన ప్రతి 10 మందిలో దాదాపు 9 మంది మళ్లీ రాలేదు. అందరూ ఏ స్వరకర్త రచన వాయించాలి, పోస్టర్ ఎలా ఉండాలి అని బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే, కొత్తవాళ్లు తిరిగి రావడాన్ని ప్రభావితం చేసిన వాటిలో అన్నిటికన్నా ముందు నిలిచింది కారు పార్కింగ్. సంగీతం నచ్చక కాదు.

మీ లెక్క ఎలా ఉంటుందో ఊహించి చెబుతాను. ఏడాదికి 400 మంది కొత్తవాళ్లు వస్తున్నారు, వాళ్లలో 40 మంది మళ్లీ వస్తున్నారు అనుకోండి. ప్రకటనలకు పోసి పోసి ఆ 400ను 500 చేసినా, తిరిగి వచ్చేది 50 మందే. అదే 400 మందిలో నలుగురికి ఒకరు చొప్పున రెండోసారి వచ్చేలా చూసుకుంటే 100 మంది. రెండుసార్లు వచ్చినవాళ్లను మూడోసారి రప్పించడం పెద్ద కష్టం కాదు. ఒకటి నుంచి రెండుకు దాటించడమే కష్టం. నా లెక్కలో మీ డబ్బూ ఓపికా అక్కడ పెట్టాలి.

వచ్చే కార్యక్రమం నుంచే గుమ్మం దగ్గర ఒక మనిషిని పెట్టి నాలుగు విషయాలు రాయించుకోండి: పేరు, నంబరు, ఇక్కడికి రావడం మొదటిసారా, ఎలా తెలిసింది. ఇరవై ప్రశ్నల ఫారం ఇస్తే ఎవరూ నింపరు. ఒకరు నాలుగు టికెట్లు కొంటే మిగతా ముగ్గురి ఊసే మీకు తెలియదు, వాళ్లను కూడా అడగండి. తర్వాతి కార్యక్రమాల సమాచారం పంపవచ్చా అని అడిగి, సరే అన్నవాళ్లకే పంపండి. లేకపోతే రెండో మెసేజ్‌కే బ్లాక్ చేస్తారు, ఆ తప్పు వాళ్లది కాదు.

ఇక ఆన్‌లైన్ నంబర్లలో ఒక్కసారే కొన్నవాళ్లు ఎవరో తీయండి. ఫోన్ చేసి, టికెట్ అమ్మే ప్రయత్నం చేయకుండా, ఆ రోజు ఎలా గడిచింది, తర్వాత ఎందుకు రాలేకపోయారు అని అడగండి. అడిగి ఊరుకోండి, వాళ్లు మాట్లాడతారు.

ముందువరుస:
నాకైతే మీ కమిటీలో ముగ్గురూ కరెక్టే అనిపిస్తోంది. కాకపోతే ముగ్గురూ మూడు రకాల మనుషుల గురించి మాట్లాడుతున్నారు.

రాండ్ కార్పొరేషన్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2001లో కళల ప్రేక్షకుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. మనుషులను వయసు, చదువు, ఆదాయాల వారీగా కాకుండా, కళల పట్ల ఎక్కడ నిలబడి ఉన్నారన్నదాన్ని బట్టి చూడమన్నారు. కళల వైపు మనసే లేనివాళ్లు కొందరు. మనసున్నా రాలేకపోతున్నవాళ్లు కొందరు. ఇప్పటికే వస్తున్నవాళ్లు కొందరు. మొదటివాళ్లకు అడ్డు అభిప్రాయం, "అది మనలాంటివాళ్ల కోసం కాదు" అనే భావన. రెండోవాళ్లకు అడ్డు సమయం, దూరం, పిల్లలు, డబ్బు, అసలు సమాచారమే అందకపోవడం. మూడోవాళ్ల విషయంలో తేల్చేది లోపల వాళ్లకు కలిగిన అనుభవం.

ఇప్పుడు మీ కమిటీ మాటలు దీని పక్కన పెట్టి చూడండి. ప్రకటన పనిచేసేది రెండోవాళ్లలో సమాచారం అందనివాళ్ల మీద. ఉచిత ప్రవేశం పనిచేసేది ఆ రెండోవాళ్లలోనే డబ్బు అడ్డైనవాళ్ల మీద. ఉన్నవాళ్లను చూసుకుంటే చాలన్నది ఇప్పటికే వస్తున్నవాళ్ల గురించి. మనసే లేనివాడికి ఉచితంగా ఇచ్చినా రాడు, అతని ఫోన్‌లో రోజుకు పదిసార్లు మీ పోస్టర్ కనిపించినా రాడు. అలాంటివాళ్లు వస్తే తమకు నమ్మకమైన మనిషి చెయ్యి పట్టుకుని తీసుకొస్తేనే వస్తారు, లేదా మీరే వాళ్లున్న చోటికి వెళ్లి ప్రదర్శించాలి. అది ఏళ్ల తరబడి పట్టే పని. జీతాలు లేని సంస్థ ఈ ఏడాదికి దాన్ని పక్కన పెట్టినా నేను తప్పు పట్టను.

నేపథ్యం:
ఇక్కడ నేను ఒప్పుకోను. డబ్బు అడ్డు అనేది చిన్న విషయం కాదు. మా దగ్గర ఫ్రీ పాసులు పంచినప్పుడు హాలు నిండింది. ఖాళీ కుర్చీలకు ఆడటం కన్నా అదే నయం కదా?

టికెట్‌కిటికీ:
నిండింది, సంతోషం. తర్వాతి నెల టికెట్ పెడితే వాళ్లలో ఎందరు వచ్చారు? నేను వెటకారంగా అడగడం లేదు, ఆ పేర్లు రాసుకుని ఉంటే మీ వాదన బలంగా నిలబడేది.

ఇంగ్లండ్‌లో అప్పటిదాకా టికెట్ పెట్టిన జాతీయ మ్యూజియాలు 2001 డిసెంబరులో ప్రవేశ రుసుము ఎత్తేశాయి. సందర్శకుల సంఖ్య బాగా పెరిగింది, అందులో సందేహం లేదు. కానీ పెరిగిన రాకపోకల్లో ఎక్కువ భాగం మ్యూజియాలకు ముందు నుంచీ అలవాటు పడ్డ వర్గాలదే. పైగా పోయిన రాబడిని అక్కడ ప్రభుత్వం భరించింది. మీకు భరించేవాళ్లెవరు?

ఫ్రీ పాసుతో ఇంకో చిక్కు. డబ్బు పెట్టలేదు కాబట్టి చినుకు పడితే మానేస్తారు. 200 పాసులు వెళ్లిపోయాయని కొత్తవాళ్లకు లేదని చెప్పేస్తాం, తీరా చూస్తే 90 మందే వస్తారు. ఉచితంగానే పెట్టాలనుకుంటే పేరు నమోదు తప్పనిసరి చేయండి. మొదలవడానికి 10 నిమిషాల ముందు వరకే సీటు ఉంచుతామని, తర్వాత బయట వేచి ఉన్నవాళ్లకు ఇస్తామని ముందే చెప్పండి. చూశాక వెళ్లేటప్పుడు తోచినంత ఇమ్మనే పద్ధతి కూడా బాగానే ఉంటుంది, ముఖ్యంగా పేరు లేని కొత్త నాటకానికి.

ఒక్కటి మాత్రం చేయకండి: ఆఖరి రోజున డిస్కౌంట్. ముందే కొన్న నమ్మకస్తుడికి ఎక్కువ ధర, చివరిదాకా ఆగినవాడికి తక్కువ ధర. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి అందరూ ఆగుతారు. తగ్గించాలనుకుంటే ముందు కొన్నవాళ్లకు తగ్గించండి.

ముందువరుస:
హాలు గురించి ఎవరూ మాట్లాడలేదు. 300 సీట్లలో 80 మంది చెల్లాచెదురుగా కూర్చుంటే, కొత్తగా వచ్చినవాడు మొదట గమనించేది ఖాళీనే. వెనక వరుసలకు తాడు కట్టేసి అందరినీ ముందుకు కూర్చోబెట్టండి. వీలైతే మామూలు కార్యక్రమాలను 100 మంది పట్టే చోటికి మార్చండి. నవ్వు, చప్పట్లు దగ్గరదగ్గరగా కూర్చున్నవాళ్ల మధ్య తొందరగా పాకుతాయి. నటులను అడిగి చూడండి, వాళ్లకు ఇంకా బాగా తెలుసు.

కార్యదర్శి:
అందరికీ ధన్యవాదాలు. ఒక్కసారే వచ్చినవాళ్లలో కొందరికి ఫోన్ చేశాం. కార్యక్రమం బాగోలేదన్నవాళ్లు దాదాపు లేరు! ఎక్కువమంది అన్నది, "తర్వాతి కార్యక్రమం ఎప్పుడో మాకు తెలియలేదు" అని. ఎప్పుడు అయిపోతుందో తెలియక, తిరిగి వెళ్లే బస్సు తప్పుతుందని భయంతో మధ్యలో లేచి వచ్చామన్నవాళ్లు ఉన్నారు. ఒకావిడ మాట మాత్రం గుచ్చుకుంది. "అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లలా ఉన్నారు, నేను పిలవని పేరంటానికి వచ్చినట్టు ఉంది" అన్నారు. మొదలుపెట్టే ముందు ఉపన్యాసాలు ఎక్కువయ్యాయని కూడా విన్నాం. కమిటీ ఇప్పుడు కాస్త మెత్తబడింది. ఇక్కడి నుంచి ఎలా?

టికెట్‌కిటికీ:
ఇవి మీ చేతిలో ఉన్న పనులే, డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. అదృష్టవంతులు.

టికెట్‌తో పాటు వెళ్లే మెసేజ్‌లో మొదలయ్యే టైమే కాదు, ముగిసే టైమూ రాయండి. విరామం ఉందా, పిల్లలను తీసుకురావచ్చా, బండి ఎక్కడ పెట్టాలి, చక్రాల కుర్చీ లోపలికి వస్తుందా, ఆలస్యమైతే లోపలికి రానిస్తారా. అలవాటైనవాళ్లకు ఇవన్నీ తెలుసు కాబట్టి మనం రాయడం మర్చిపోతాం. కొత్తవాళ్లు అడగడానికి మొహమాటపడతారు, అడగకుండా ఇంట్లోనే ఉండిపోతారు. రాసిన టైముకి మొదలుపెట్టండి. ఉపన్యాసాలు తప్పదంటే చివర పెట్టండి, వినాలనుకున్నవాళ్లు ఉంటారు.

ఆ ఆవిడ మాటకు మందు ఒక మనిషి. కమిటీలో కలుపుగోలుగా ఉండేవాళ్లను ఒకరిని ఎంచి, ఆ సాయంత్రం వాళ్లకు వేరే ఏ పనీ చెప్పకండి. మొదటిసారి వచ్చామన్నవాళ్లను పలకరించి కూర్చోబెట్టడం, విరామంలో వెళ్లి ఎలా ఉందని అడగడం. మీరంతా మీలో మీరు గుంపుగా నిలబడి మాట్లాడుకోవడం విరామంలో మానేయాలి, ఇది చెప్పినంత సులువు కాదు.

మర్నాడు లేదా ఆ మర్నాడు, మొదటిసారి వచ్చినవాళ్లకు మాత్రమే ఒక మెసేజ్ వెళ్లాలి. రెండు మూడు వాక్యాలు చాలు: వచ్చినందుకు ధన్యవాదాలు, మీరు చూసినలాంటిదే ఫలానా తేదీన ఇంకొకటి ఉంది, మీకూ మీతో వచ్చే ఒకరికీ టికెట్‌లో ఇంత తగ్గింపు. నాటకం చూసినవాళ్లకు నాటకమే చెప్పండి. ఏడాది మొత్తం కార్యక్రమాల పట్టిక పంపితే దేన్నీ ఎంచుకోరు. విరాళం, జీవితకాల సభ్యత్వం లాంటివి ఇప్పుడే అడగకండి. ఒక్కసారి భోజనానికి వచ్చిన అతిథిని ఇంటి అప్పులో వాటా అడిగినట్టు ఉంటుంది.

నేపథ్యం:
ఫ్రీ సంగతి వదిలేస్తున్నాను. సీజన్ టికెట్ పెట్టమంటారా? డానీ న్యూమన్ అనే అమెరికన్ ప్రచారకర్త, షికాగో లిరిక్ ఒపేరా అనే పాశ్చాత్య సంగీత నాటక సంస్థకు పనిచేసినాయన, ఒక్కో టికెట్ అమ్ముకుంటూ కూర్చోవద్దు, సీజన్ మొత్తానికి చందాదారులను చేర్చుకోండని ఊరూరా తిరిగి చెప్పాడు. ఆ పద్ధతి మీద చాలా సంస్థలు నిలబడ్డాయి కూడా.

టికెట్‌కిటికీ:
నిలబడ్డాయి, కాదనను. కానీ ఎనిమిది నెలల తర్వాత ఫలానా శనివారం ఖాళీగా ఉంటామో లేదో ఇప్పుడే చెప్పగలిగేవాళ్లు తగ్గిపోయారు, ఆ ఒపేరాలూ ఆర్కెస్ట్రాలూ కూడా చందాలు పడిపోయి ఇబ్బంది పడుతున్నాయి. మీకు సరిపడేది నాలుగు కార్యక్రమాల పాస్ అనుకుంటాను. ఏ నాలుగైనా సరే, ఒక్కరే నాలుగుసార్లు రావచ్చు, నలుగురు ఒకేసారి రావచ్చు. అది కూడా మొదటిసారి వచ్చినవాళ్లకు అమ్మకండి, రెండోసారి వచ్చినవాళ్లకు అమ్మండి.

కార్యదర్శి:
చివరిగా ఒక చిన్న సందేహం. అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో వేసేస్తే సరిపోదా?

ముందువరుస:
వద్దండీ. గ్రూపులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది, ఆడవాళ్లు చాలామంది వెంటనే బయటికి వెళ్లిపోతారు. నాలుగు రోజులకి గుడ్ మార్నింగ్‌లతో నిండిపోయి, మీ కార్యక్రమం ఎక్కడో అడుగున పడుతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. ఒక్కో లిస్టులో 256 మంది వరకు పడతారు, ఎవరికి వారికి విడిగా వెళ్తుంది. కొత్తవాళ్లకు ఒక లిస్టు, రెండోసారి వచ్చినవాళ్లకు ఇంకొకటి, పాతవాళ్లకు వేరే. ఒక మెలిక ఉంది: మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ అందుతుంది. కాబట్టి గుమ్మం దగ్గర పేరు రాసుకునే మనిషే, అక్కడికక్కడే మీ నంబరు సేవ్ చేయించాలి.

కార్యదర్శి:
మంచిది. వచ్చే కార్యక్రమానికి గుమ్మం దగ్గర ఇద్దరిని పెడుతున్నాం, ఒకరు రాయడానికి, ఒకరు పలకరించడానికి. ప్రకటనల డబ్బు ప్రస్తుతానికి అలాగే ఉంచాం. ఆరు నెలలు పోయాక కొత్తవాళ్లెందరు, మళ్లీ వచ్చినవాళ్లెందరు అనే లెక్క ఇక్కడే పెడతాను.